‘యూ మస్ట్ బి నోయింగ్’ వెనుక వ్యాకరణం: ఆలోచనను చెప్పే క్రియలతో ఇంగ్లిష్ మోడల్స్ నడిచే తీరు

క్లుప్తంగా: కెన్, మే, మస్ట్, వుడ్ వంటి మోడల్ క్రియలు థింక్, నో (తెలియడం), బిలీవ్ వంటి ఆలోచన క్రియలతో కలిసినప్పుడు, ఆలోచన ఏమిటన్నది అలాగే ఉండి, దానికి మాట్లాడేవారు ఎంతవరకు పూచీ పడుతున్నారన్నది మారుతుంది. తెలుగు ఇదే పనిని ‘అనుకుంటా’, ‘ఉంటుంది’, ‘ఏమో’, ‘నేనైతే’ వంటి రూపాలతో చేస్తుంది. ఈ రెండు పద్ధతులూ ఎక్కడ కలవవో తెలుగువారి ఇంగ్లిష్ ఎక్కువగా అక్కడే తడబడుతుంది.

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఒక ఆఫీసు మెయిల్ ఇలా మొదలవుతుంది: ‘యాజ్ యూ మస్ట్ బి నోయింగ్, ద మీటింగ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్.’ చదివేది మన దేశంలోని వారే అయితే ఎవరూ ఆగరు. ‘మీకు తెలిసే ఉంటుంది, మీటింగ్ వాయిదా పడింది’ అన్న అర్థం సూటిగా చేరిపోతుంది. అదే మెయిల్ లండన్‌కో డాలస్‌కో వెళితే అర్థం చేరుతుంది గానీ, చదివేవారి కన్ను ‘నోయింగ్’ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. ‘నో అనే క్రియకు ఐఎన్‌జీ రాదు’ అని స్పోకెన్ ఇంగ్లిష్ తరగతుల్లో దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నియమం నిజమే. కానీ ఇంగ్లిష్‌లోనే చదువుకుని, ఇంగ్లిష్‌లోనే ఉద్యోగం చేసేవారు కూడా ఈ ఒక్క చోట ఐఎన్‌జీని ఎందుకు వదలరన్న ప్రశ్నకు ఆ నియమం జవాబు చెప్పదు.

మస్ట్‌కు రెండు ముఖాలు

ఇంగ్లిష్‌లో ప్రధానమైన మోడల్స్ తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్. వీటిలో దాదాపు ప్రతిదానికీ రెండు పనులుంటాయి. ఒకటి విధి, అనుమతి, శక్తి వంటివి చెప్పడం. రెండోది ఊహను చెప్పడం. ‘యూ మస్ట్ గో’ అంటే ‘నువ్వు వెళ్ళాలి’ అన్న విధి. ‘హి మస్ట్ బి గోయింగ్ హోమ్’ అంటే ‘ఇంటికి వెళ్తూ ఉండాలి’ అన్న ఊహ. ఒకే మస్ట్ ఒకచోట ఆజ్ఞగా, ఇంకోచోట అంచనాగా ఎలా మారిందంటే, ఆ మార్పు తరువాతి క్రియ రూపాన్ని బట్టి వచ్చింది. గో, రైట్, రన్ వంటి పని చెప్పే క్రియలు మస్ట్ వెంట విడిగా వస్తే వినేవారికి సాధారణంగా విధి తోస్తుంది. ‘బి’ చేరి ఐఎన్‌జీ వస్తే ఊహ తోస్తుంది.

నో, బిలీవ్, అండర్‌స్టాండ్, రిమెంబర్, సపోజ్ వంటివి పనిని కాక మనసు ఉన్న స్థితిని చెప్పే క్రియలు. ఇవి ఐఎన్‌జీ లేకుండానే ఊహను మోయగలవు. ‘యూ మస్ట్ నో మై బ్రదర్’ అంటే ‘మా అన్నయ్య మీకు తెలిసే ఉంటాడు’ అని. అయితే ‘యూ మస్ట్ నో ద రూల్స్’ అన్నప్పుడు ‘నిబంధనలు తెలుసుకుని తీరాలి’ అన్న విధి అర్థం పైకి వస్తుంది. అంటే ‘మస్ట్ నో’లో రెండు అర్థాలూ కాచుకుని ఉంటాయి, సందర్భం ఒకదాన్ని ఎంచుతుంది.

ఇక తెలుగు సంగతి. ‘వెళ్ళాలి’, ‘చేరాలి’ వంటి మాటల చివర వచ్చే తెలుగు ‘ఆలి’కి కూడా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి, కానీ తెలుగు వాటిని కలగలిపి వదిలేయదు. ‘బస్సు ఐదింటికి చేరాలి’ అంటే చేరవలసిన వేళ. ‘బస్సు ఈపాటికి చేరి ఉండాలి’ అంటే ఊహ. మధ్యలో వచ్చిన ‘ఉండు’ అనే క్రియే ఊహకు గుర్తు. ‘తెలుసుకోవాలి’ విధి అయితే, ‘తెలిసి ఉండాలి’, ‘తెలిసే ఉంటుంది’ ఊహలు. ఈ అలవాటుతో ఇంగ్లిష్ వాక్యం కట్టేవారికి ఊహ చెప్పాలంటే ‘ఉండు’కు సాటి వచ్చే మాట కావాలి. అది ‘బి’. ‘తెలిసి’కి ‘నోయింగ్’, ‘ఉండు’కు ‘బి’, ‘ఆలి’కి ‘మస్ట్’ అని ముక్కకు ముక్క సరిపోతుంది. పైగా ‘హి మస్ట్ బి గోయింగ్’ అనే సరైన ఇంగ్లిష్ వాక్యం కూడా అదే దారి చూపిస్తోంది. హిందీలో ‘జాన్‌తే హోంగే’ అన్నదీ ఇదే నిర్మాణం కాబట్టి, ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ ఒకే ‘తప్పు’ మొలిచింది. దీన్ని అజ్ఞానం అనడం కంటే, ఇంగ్లిష్ రెండర్థాలుగా వదిలేసిన చోట గీత గీయాలన్న ప్రయత్నం అనడం సబబు. ఆ గీత ప్రామాణిక ఇంగ్లిష్‌లో చెల్లదన్నది వేరే మాట.

మెయిల్ రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. ఐఎన్‌జీ తీసేసి ‘యాజ్ యూ మస్ట్ నో’ అని రాస్తే వ్యాకరణం సరిపోతుంది గానీ, పై అధికారికి అది ‘ఆ మాత్రం తెలియదా’ అన్నట్టు వినిపించవచ్చు. అందుకే ఇంగ్లిష్ దేశాల్లో మర్యాద మెయిళ్ళలో ‘యాజ్ యూ మే నో’, లేదా మోడల్ లేకుండా ‘యాజ్ యూ నో’ వాడతారు. తెలుగులో ‘మీకు తెలిసే ఉంటుంది’ అనడంలో ఉన్న గౌరవం మస్ట్‌లో దొరకదు, మే అయితే దొరుకుతుంది.

థింక్ అనే క్రియ మాత్రం రెండు పక్షాల్లోనూ ఉంటుంది. ‘హి మస్ట్ థింక్ వి ఆర్ రిచ్’ అంటే మనం డబ్బున్నవాళ్ళమని అతని అభిప్రాయం అయి ఉండాలి. ‘హి మస్ట్ బి థింకింగ్ అబౌట్ హిజ్ ఎగ్జామ్’ అంటే ఇప్పుడు, ఈ క్షణాన, పరీక్ష గురించి ఆలోచిస్తూ ఉండాలి. రెండూ సరైనవే. అభిప్రాయమైతే ఐఎన్‌జీ రాదు, బుర్రలో నడుస్తున్న పనైతే వస్తుంది. తెలుగులో ఈ రెంటికీ ‘అనుకొను’, ‘ఆలోచించు’ అని వేరు వేరు క్రియలున్నాయి. ఇంగ్లిష్ ఒకే క్రియతో నెట్టుకొస్తుంది.

తెలియడమే ఒకప్పుడు ‘కెన్’

మోడల్స్, ఆలోచన క్రియలు ఇంతగా అల్లుకుపోవడానికి చరిత్రలో కారణం ఉంది. ప్రాచీన ఇంగ్లిష్‌లో కెన్ అనే మాటకు మూలమైన క్రియకు ‘తెలుసు’ అనే అర్థం. ‘కన్నింగ్’ మొదట తెలివికీ నేర్పుకీ పేరు. ‘అన్‌కూత్’ అంటే తొలి అర్థం ‘తెలియనిది’. ఎలా చేయాలో తెలియడం అన్న అర్థం నుంచి చేయగలగడం అన్న అర్థానికి కెన్ జరిగింది. మేకి మూలార్థం శక్తి, విల్‌కు కోరిక, షల్‌కు బాకీ పడి ఉండటం. ఈ పాత అర్థాలు అరిగిపోగా మిగిలినవే ఇప్పటి మోడల్స్.

తెలుగువారికి ఇది వింత కానక్కరలేదు. ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు ‘వచ్చు’ అంటే తెలుసు. ‘మీరు వెళ్ళవచ్చు’ అన్నప్పుడు అదే ‘వచ్చు’ అనుమతి. ‘వాన పడవచ్చు’ అన్నప్పుడు ఊహ. ఒక్క మాటలో కెన్, మే రెండూ ఇమిడి ఉన్నాయి.

థింక్ కథ కూడా ఇలాంటిదే. పాత ఇంగ్లిష్‌లో ‘ఆలోచించు’ అనే అర్థంలో ఒక క్రియ, ‘తోచు’ అనే అర్థంలో దాదాపు అలాగే పలికే మరో క్రియ ఉండేవి. కాలక్రమంలో రెండూ కలిసిపోయాయి. రెండోదాని అవశేషం షేక్‌స్పియర్ కాలం నాటి ‘మీథింక్స్’. అందులోని ‘మీ’ అంటే ‘నాకు’, కాబట్టి మొత్తం మాటకు ‘నాకు తోస్తోంది’ అని అర్థం. ఇంగ్లిష్ పోగొట్టుకున్న ఆ నిర్మాణం తెలుగులో ‘నాకు అనిపిస్తోంది’ రూపంలో రోజూ వినబడుతూనే ఉంది. ‘అనుకుంటున్నాను’ అంటే అభిప్రాయం మాట్లాడేవారిది, ‘అనిపిస్తోంది’ అంటే అది తనంతట తాను కలిగినది. రెండోదానిలో పూచీ కొంత తక్కువ. ఈ తేడాను చూపడానికి ఇంగ్లిష్ ఇప్పుడు ఎక్కువగా మోడల్స్‌ను ఆశ్రయిస్తుంది.

మోడల్ థింక్ మీదా, లోపలి వాక్యం మీదా?

‘ఐ థింక్ హి మైట్ బి ఎట్ హోమ్’ అన్న వాక్యంలో మైట్ లోపలి వాక్యానికి చెందింది. అతను ఇంట్లో ఉండటమే సందేహం. ‘ఐ వుడ్ థింక్ హి ఈజ్ ఎట్ హోమ్’ అన్నప్పుడు వుడ్ పైకి వచ్చి థింక్ మీద కూర్చుంది. అతను ఇంట్లో ఉండటం గురించి కొత్తగా ఏమీ చెప్పలేదు, ఆ అభిప్రాయాన్ని తనదని చెప్పుకోవడంలోనే మాట్లాడేవారు అర అడుగు వెనక్కి వేశారు.

ఈ వుడ్ ఎక్కడి నుంచి వచ్చింది? ఒక షరతు నుంచి. ‘ఇఫ్ యూ ఆస్క్‌డ్ మీ, ఐ వుడ్ థింక్’ అన్న పెద్ద వాక్యంలో మొదటి సగం జారిపోయి రెండో సగం మిగిలింది. తెలుగు ఆ మొదటి సగాన్నే అట్టిపెట్టుకుంది: ‘నన్నడిగితే’, ‘నేనైతే’. ‘నేనైతే అలా అనుకోను’ అన్నదానికి ‘ఐ వుడ్‌న్ట్ థింక్ సో’ కంటే దగ్గరి ఇంగ్లిష్ దొరకడం కష్టం. ‘ఐ డోన్ట్ థింక్ సో’ అంటే ఆ ‘అయితే’ పోతుంది.

వుడ్ వెంట ‘హావ్ థాట్’ చేరితే స్వరం మరికొంత మారుతుంది. ‘ఐ వుడ్ హావ్ థాట్ ద రిపోర్ట్ వజ్ రెడీ’ అన్న మాటలో రిపోర్టు సిద్ధంగా లేదన్న ఆశ్చర్యమో, మర్యాద చాటున కాస్త నిష్ఠూరమో ఉంటుంది. బ్రిటిష్ పై అధికారి నోట ఈ వాక్యం వస్తే అది గతంలోని అభిప్రాయాన్ని చెప్పడం కాదు, ఇప్పటి అసంతృప్తిని చెప్పడం. దీన్ని ‘రిపోర్టు సిద్ధమైందని అనుకున్నారు కాబోలు’ అని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

కర్త ‘యూ’ అయినప్పుడు వ్యంగ్యం తోడవుతుంది. ‘యూ వుడ్ థింక్ ద బ్రిడ్జ్ వుడ్ బి ఫినిష్‌డ్ బై నౌ’ అంటే ‘ఈపాటికి వంతెన పూర్తయి ఉంటుందనుకుంటాం కదా’ అని. కాలేదన్నది చెప్పకుండానే తెలిసిపోతుంది. వ్యాసాల్లో కనిపించే ‘వన్ మైట్ థింక్’ కూడా ఈ కోవలోదే. ఆ మాట కనబడితే రెండు మూడు వాక్యాల్లో ‘బట్’ వస్తుందని అలవాటు పడ్డ పాఠకులు సిద్ధంగా ఉంటారు. పోటీ పరీక్షల రీడింగ్ ప్యాసేజీల్లో ‘రచయిత అభిప్రాయం ఏది’ అన్న ప్రశ్నకు ‘వన్ మైట్ థింక్’ వెంట వచ్చిన వాక్యాన్ని జవాబుగా గుర్తించి మార్కులు పోగొట్టుకోవడానికి కారణం ఇదే. అక్కడున్నది రచయిత ఖండించబోయే అభిప్రాయం.

కెన్ విషయం దీనికి భిన్నం. ‘ఐ రిమెంబర్’, ‘ఐ కెన్ రిమెంబర్’ మధ్య అర్థంలో పెద్ద తేడా ఉండదు. ‘ఐ కెన్ అండర్‌స్టాండ్ యువర్ ప్రాబ్లమ్’ అంటే సానుభూతి ఉందని అర్థమే గానీ, ఒప్పుకున్నట్టు కాదు. ఇక ఐటీ ఆఫీసుల్లో మారుమోగే ‘కెన్ ఐ నో ద స్టేటస్?’ అన్నది ‘తెలుసుకోవచ్చా’ నుంచి వచ్చింది. తెలుగులో ‘తెలుసు’ స్థితి, ‘తెలుసుకొను’ ప్రయత్నం. నో అనే క్రియలో స్థితి తప్ప ప్రయత్నం లేదు. ‘మే ఐ నో యువర్ నేమ్?’ మర్యాద మాటగా స్థిరపడిపోయింది కాబట్టి చెల్లుతుంది. ‘కెన్ ఐ నో’కు ఆ హోదా రాలేదు. అక్కడ ‘కుడ్ యూ టెల్ మీ’ అనడమే వాడుక.

‘అనుకుంటాను’లో దాగిన భవిష్యత్తు

తెలుగులో అభిప్రాయం చెప్పడానికి ఎక్కువగా వాడే రూపం ‘అనుకుంటాను’. ‘రేపు వస్తాడనుకుంటాను.’ వ్యాకరణం ప్రకారం ఇది ‘వెళ్తాను’, ‘చేస్తాను’ వంటి భవిష్యత్ తద్ధర్మ రూపమే, అంటే జరగబోయేదాన్నీ అలవాటునూ చెప్పే రూపం. ఇంగ్లిష్‌లో దీనికి సాటి ‘ఐ విల్ థింక్’ కాదు, ‘ఐ థింక్’. ‘ఐ విల్ థింక్ అబౌట్ ఇట్’ అంటే ఆలోచించి చెబుతానని, చాలాసార్లు మెత్తగా కాదనడం కూడాను. ఇక ‘అనుకుంటున్నాను’ రెండు పనులు చేస్తుంది. ‘వస్తాడని అనుకుంటున్నాను’లో అది అభిప్రాయం, ‘వెళ్దామనుకుంటున్నాను’లో ఉద్దేశం. ఈ రెండోదే ‘ఐ యామ్ థింకింగ్ టు గో’గా మారుతుంది. ఇంగ్లిష్‌లో ఉద్దేశానికి ‘థింకింగ్ ఆఫ్ గోయింగ్’ అని గానీ, ‘ఐ థింక్ ఐ విల్ గో’ అని గానీ అనాలి.

‘కాదు’ ఎక్కడ పెట్టాలి

తెలుగు ఇళ్ళలో సహజంగా వినబడేది ‘రాడనుకుంటా’. వ్యతిరేకం లోపలి క్రియలో ఉంటుంది. ఇంగ్లిష్‌లో సహజమైనది ‘ఐ డోన్ట్ థింక్ హి విల్ కమ్’. వ్యతిరేకం పైకెక్కి థింక్‌ను పట్టుకుంటుంది. ‘ఐ థింక్ హి వోన్ట్ కమ్’ తప్పు కాదు గానీ, రాడని గట్టిగా తేల్చినట్టు ఉంటుంది. బిలీవ్, సపోజ్ కూడా ఇలాగే వ్యతిరేకాన్ని పైకి లాగుతాయి. హోప్ ఒప్పుకోదు. ‘ఐ హోప్ హి వోన్ట్ కమ్’ అనాలే తప్ప ‘ఐ డోన్ట్ హోప్’ అనరు.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది డౌట్. తెలుగు ‘అనుమానం’ ఒక ఆరోపణ మోయగలదు: ‘అతనే దొంగ అని నా అనుమానం.’ దీన్ని ‘ఐ డౌట్ హి ఈజ్ ద థీఫ్’ అని చెబితే ఇంగ్లిష్ వినేవారికి సరిగ్గా తిరగబడి, ‘అతను దొంగ అయి ఉండడు’ అని వినిపిస్తుంది. చెప్పదలచుకున్నదానికి ‘ఐ సస్పెక్ట్’ కావాలి. ‘వుడ్’ చేరిస్తే మెత్తబడుతుందేమోనని ‘ఐ వుడ్ డౌట్’ అంటే పొరపాటు మర్యాదగా మారుతుంది, అంతే. దొంగ మాత్రం నిర్దోషిగానే ఉంటాడు.

థాట్ తరువాత విల్ ఎందుకు నిలవదు

‘ఐ థాట్ హి విల్ కమ్’ అన్నది తెలుగువారి ఇంగ్లిష్‌లో తరచుగా వినబడే వాక్యం. పైక్రియ గతంలోకి వెళ్ళగానే లోపలి విల్‌ను వుడ్‌గా, కెన్‌ను కుడ్‌గా, మేని మైట్‌గా మార్చడం ఇంగ్లిష్ పద్ధతి. మస్ట్‌కు గతరూపం వేరే లేదు కాబట్టి అది మారకుండా ఉండిపోతుంది, లేదా ‘హ్యాడ్ టు’కు చోటిస్తుంది.

తెలుగులో ఈ మార్పు లేకపోవడానికి కారణం ‘అని’. ‘అను’ అంటే పలకడం, ‘అనుకొను’ అంటే తనలో తాను పలుకుకోవడం. తెలుగులో అనుకోవడమంటే తనకు తాను చెప్పుకోవడమే. అందుకని ‘అని’కి ముందున్న మాట, మనసులో మెదిలిన మాట మెదిలినట్టుగానే ఉంటుంది. ‘రాము తాను వస్తాననుకున్నాడు’ అన్న వాక్యంలో కర్త రాము, అయినా లోపలి క్రియ ‘వస్తాను’ ఉత్తమ పురుషలోనే ఉంది. రాము తనతో తాను అన్న మాటను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టడమే దానికి కారణం. కాలం కూడా అలాగే నిలిచిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటను తెచ్చేవారు తమ కాలంలోకి, తమ పురుషలోకి మార్చి తెస్తారు. ‘రాము థాట్ హి వుడ్ కమ్’ అన్నదానిలో వుడ్ సందేహాన్నీ మర్యాదనూ చెప్పడం లేదు, గతంలోకి జరిగిన విల్ మాత్రమే. ‘ఐ వుడ్ థింక్’లోని వుడ్‌తో దీన్ని కలపకూడదు.

చట్టంలో ఒక్క మోడల్ తేడా

మెయిళ్ళలో మోడల్ మారితే మర్యాద మారుతుంది. చట్టంలో మారితే రుజువు చేసే భారం చేతులు మారుతుంది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 4వ సెక్షన్‌లో ‘మే ప్రిజ్యూమ్’, ‘షల్ ప్రిజ్యూమ్’ అన్న రెండు మాటలకు వేరు వేరు నిర్వచనాలు ఇచ్చారు. ప్రిజ్యూమ్ అంటే రుజువు చూడకముందే ఉందని భావించడం. అదీ ఆలోచన క్రియే. మొదటిది వాడిన చోట, ఒక విషయం రుజువైనట్టుగా భావించడమా, రుజువు కోరడమా అన్నది కోర్టు ఇష్టం. రెండోది వాడిన చోట ఆ ఇష్టం లేదు. కాదని ఎవరైనా నిరూపించేదాకా ఉన్నట్టే భావించాలి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ రెండు మాటలను అలాగే ఉంచింది.

ఈ తేడా ఎంత బరువైనదో పాత చట్టంలో పక్కపక్కనే ఉన్న రెండు సెక్షన్లు చూపిస్తాయి. 1983లో చేర్చిన 113ఎ ప్రకారం, పెళ్ళయిన ఏడేళ్ళలోపు వివాహిత ఆత్మహత్య చేసుకుని, భర్త గానీ అతని బంధువులు గానీ ఆమెను క్రూరంగా చూసినట్టు తేలితే, వారు ప్రేరేపించారని కోర్టు, మిగతా పరిస్థితులన్నీ చూసి, ‘మే ప్రిజ్యూమ్’. 1986లో చేర్చిన 113బి ప్రకారం, వరకట్న మరణం కేసులో, చనిపోవడానికి కొద్దికాలం ముందు కట్నం కోసం ఆమెను వేధించినట్టు చూపితే, ఆ మరణానికి నిందితుడు కారకుడని కోర్టు ‘షల్ ప్రిజ్యూమ్’. కొత్త చట్టంలో ఇవి 117, 118 సెక్షన్లు. మొదటిదానిలో న్యాయమూర్తి వివేచనకు చోటుంది. రెండోదానిలో ప్రాసిక్యూషన్ తొలి మెట్టు దాటిందంటే, తాను కారకుణ్ణి కానని చూపుకోవలసిన భారం నిందితుడి మీద పడుతుంది. తెలుగులో చెబితే ఒకచోట ‘భావించవచ్చు’, ఇంకోచోట ‘భావించాలి’. ‘భావించి ఉండాలి’ అని ఎవరూ రాయరు. ఆ ‘ఉండు’ చేరితే అది కోర్టుకు పెట్టిన విధి కాకుండా పోయి, కోర్టు ఏమనుకుందో అన్న ఊహ అవుతుంది.